డోలక్ పెట్టె మీద కూర్చున్న పిల్ల

పొగాకు అల్లేటప్పుడు ద్వాలి చేతుల వంక చూసుకోదు. మూడు ఆకులు అందుకోవడం, తొడిమలు కూర్చడం, కర్రకు ఇటుపక్క పురికొస మెలితిప్పి బిగించడం, మళ్ళీ మూడు ఆకులు, ఈసారి అటుపక్క. కర్ర నిండితే ఇంకో కర్ర. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తల్లి మంగ్లి వెనకాల తండా నుంచి నడిచి వచ్చి కూర్చున్నది. ఇప్పుడు ఎండ షెడ్డు తాటాకుల సందుల్లోంచి ఒళ్ళోకి దిగింది. పచ్చాకు బంక పట్టి వేళ్ళు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. పదిహేడేళ్ళ పిల్ల. ఈ పనిలోకి రావడం ఇది మూడో ఏడు.

నిండిన కర్రల్ని ఆకు ఎండబెట్టే బ్యారన్‌లోకి మోసేది గోపాలు. ద్వాలి కన్నా ఒక్క ఏడు పెద్ద. అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి తండ్రి బొజ్జయ్యతో కలిసి పనికి వచ్చాడు. పగలు కర్రలు మోస్తాడు, రాత్రి తండ్రితో వంతులేసుకుని పొయ్యిలో కట్టెలు ఎగదోస్తాడు. లోపల ఆకు పండి ఎండేదాకా ఆరు రాత్రులు మంట తగ్గకూడదు. తగ్గితే ఆకు మచ్చలు పడుతుంది, ఆపైన యజమాని వెంకటప్పయ్య నోటికి పని పడుతుంది.

ఐదు కర్రలు నిండితే గోపాలు ఒకసారి వస్తాడు. ఈ లెక్క ద్వాలి నెల కిందట కనిపెట్టింది. అప్పటినుంచి షెడ్డులో అందరికన్నా ముందు నిండేవి ఆమె కర్రలే. కూతురు పనిమంతురాలైందని మంగ్లి నలుగురితో చెప్పుకుంటున్నది.

"జర మెల్లగ అల్లరాదు," అన్నాడు గోపాలు, ఆ పూట ఆరోసారి వచ్చి. భుజం మీద మడిచి వేసుకున్న గోనె చెమటతో తడిసి ఉంది. "మోయలేక సస్తున్న."

"నాకు మెల్లగ చేతగాదు."

"రాత్రి కన్ను మూయలే నేను."

"మంట కాడనా?"

అతను మంగ్లి వైపు ఒకసారి చూసి, కర్రలు సర్దుతున్నట్టు వంగాడు. "ఆర్కెస్ట్రా వాళ్ళు దిగిండ్రు, ఆకు గ్రేడింగ్ జేసే కొట్టంల. నవమికి పిలిపిచ్చిండ్రు గద. రాత్రి పొయ్యి కాడ గ్యాసునూనె డబ్బా మీద దరువు ఏస్తుంటే వాళ్ళ మాస్టరు వచ్చి నిలవడ్డడు. చానసేపు ఇన్నడు. డోలక్ వాయిస్తవా అన్నడు. అవ్ అన్న."

"ఎన్నడు వాయించినవ్ డోలక్?"

"మా గూడెంల డోలు కొడ్త గద. అది పెద్దది, ఇది చిన్నది. గంతే."

ద్వాలికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. తల్లి చూస్తే ఎందుకు నవ్వావంటుంది.

"మూడు రోజులు వాళ్ళ సామాను మోసి, మైకులు కట్టి, జనరేటర్ చూసుకుంటే, ఆఖరు రాత్రి మన పందిట్ల ఒక పాటకు నాకిస్తడట. అన్నిట్లకు ఆఖరు పాట."

"మరి మంట?"

"మూడు రాత్రులు నాయిన ఒక్కడే చూస్తనన్నడు." కర్రలు భుజానికి ఎత్తుకున్నాడు. వాలిన ఆకుల మధ్య నుంచి అతని ముఖం సగమే కనబడుతున్నది. "నువ్ వస్తవా?"

ద్వాలి ఇంకో మూడు ఆకులు అందుకుంది. అతను బ్యారన్ తలుపు దాటి లోపలికి పోయినంతసేపూ అల్లుతూనే ఉంది. కాసేపటికి మంగ్లి వచ్చి ఆ కర్ర పైకెత్తి చూసింది. ఆకులన్నీ ఒకే పక్కన ఉన్నాయి.

"కండ్లు ఏడ బెట్టినవే?" అంటూ మొత్తం విప్పించింది.

*

మర్నాటి నుంచి కర్రలు మోయడానికి దూలయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, దగ్గుకుంటూ ఒక్కసారికి మూడే మోసేవాడు. ద్వాలి కర్రలు ఆమె పక్కనే పేరుకునేవి. రెండో రోజుకల్లా ఆమె చెయ్యి నెమ్మదించింది. ఒంట్లో బాగా లేదేమోనని మంగ్లి నుదురు తాకి చూసింది.

ఆర్కెస్ట్రా మొదటి రాత్రి ఒక ఊళ్ళో, రెండో రాత్రి ఇంకో ఊళ్ళో. గోపాలు వాళ్ళ వ్యానులో సామాను మీద కూర్చుని పోయి, తెల్లారేసరికి తిరిగి వచ్చి, మళ్ళీ మధ్యాహ్నం స్పీకరు పెట్టెలు ఎత్తేవాడు. ద్వాలి నీళ్ళకు వెళ్ళినప్పుడు ఒక్కసారి కనబడ్డాడు. మూరెడు మందం నల్ల పెట్టెను వీపు మీద పెట్టుకుని, నడుము వంచి, కొట్టం మెట్లు దిగుతున్నాడు. కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైంది చేతికి?"

"వైరు ఒరుసుకున్నది. ఏం కాలే. వేళ్ళు మంచిగనే ఉన్నయ్." చూపించడానికి ఐదు వేళ్ళూ ఆడించాడు. పెట్టె జారబోతే మళ్ళీ పట్టుకున్నాడు.

బొజ్జయ్య మాత్రం రోజురోజుకూ నల్లబడుతున్నాడు. రాత్రంతా పొయ్యి ముందు, పగలు కట్టెలు చీల్చడం. మూడో రోజు పొద్దున ద్వాలి చూస్తుండగా, గోడకున్న చిన్న కిటికీ లోంచి టార్చిలైటు వేసి లోపల హీటు ఎంతుందో చూస్తూ చూస్తూ అలాగే నిలబడి నిద్రపోయాడు. టార్చి చేతిలోంచి జారి కాలి మీద పడితే లేచాడు. కుండలో నీళ్ళు తీసి ముఖాన చల్లుకున్నాడు.

"కాకా, జరసేపు పడుకోరాదు," అన్నది ద్వాలి.

"ఇయ్యాల ఒక్క రాత్రే బిడ్డా." తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎవరికో చెప్పకూడని మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "పోరడు మైకుల వాయిస్తడట. మా ఇంట్ల డోలు అందరం కొట్టినం గని, మైకుల ఎవ్వలు కొట్టలే."

"నువ్ రావా ఇనేతందుకు?"

"మంట ఎవలు చూస్తరు? నువ్ పోతున్నవా?"

"మా యాడి ఒప్పుకోవాలె."

తల్లిని ఒప్పించే పని ఆమెకు పడలేదు. పందిరి నిండుగా కనబడాలని ఉత్సవ కమిటీ పెద్ద అయిన వెంకటప్పయ్యే ట్రాక్టరు పంపించి, ఆకు అల్లే ఆడవాళ్ళందరూ రావాల్సిందేనన్నాడు. "పొద్దంత నడుములు విరగ్గొట్టి, రాత్రికి పాటలు ఇను అంటడు," అని మంగ్లి సణిగింది కానీ, ట్రాక్టరు వెనక ట్రక్కులో ముందు చోటు తనే పట్టుకుంది.

బయల్దేరే ముందు ద్వాలి వాగు గట్టున కూర్చుని, పుల్ల నిమ్మకాయ చెక్కతో, ఇసుకతో చేతులు తోమింది. బంక గోళ్ళ చుట్టూ నల్లగా మిగిలిపోయింది. ఇంకా తోమితే చర్మం ఊడేటట్టుంది. చాల్లెమ్మని పైట కొంగుతో తుడుచుకుంది.

*

పాటలు తొమ్మిదింటికి మొదలయ్యాయి. పాడేవాళ్ళలో పెద్దామె ప్రమీలారాణి. మెరుపుల చీర కట్టుకుని, ఎత్తు మడమల చెప్పులతో మైకు ముందు నిలబడి, పల్లవికీ చరణానికీ మధ్య ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నది. రాత్రికొక ఊరు తిరిగిన గొంతు పైస్థాయిలో జీర పోతున్నది. అయినా జనం ఈలలు వేశారు.

ఆకు అల్లే ఆడవాళ్ళు నాలుగో పాట దాకా మేలుకుని ఉన్నారు. తర్వాత ఒకామె తల ఇంకొకామె భుజం మీద, ఆమె తల వెనకామె మోకాళ్ళ మీద, వరసంతా ఒరిగిపోయింది. మంగ్లి నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నది. డ్రమ్ములు ఆ నిద్రను ఏమీ చెయ్యలేకపోయాయి.

ద్వాలి నిద్రపోలేదు. నిద్ర వచ్చినప్పుడల్లా కొంగున కట్టుకొచ్చిన పుల్ల చింతకాయ కొరికింది. చింతకాయ అయిపోయాక తొడ గిల్లుకుంది. వేదిక మీద గోపాలు మూడుసార్లు కనబడ్డాడు. ఒకసారి మైకు ఎత్తు సరిచేస్తూ, ఒకసారి నీళ్ళ చెంబు అందిస్తూ, ఒకసారి ఊడిన వైరు కోసం బల్లల కింద పాకుతూ. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. తల నున్నగా దువ్వాడు. ప్రతిసారీ ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశాడు, నిద్రపోతున్న గుంపులో నిటారుగా ఉన్న ఒక్క తల కోసం. ఆ తలను చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

ఒంటిగంట దాటాక, ఇదే ఆఖరు పాట అని మాస్టరు చెంచురామయ్య మైకులో చెప్పాడు. గోపాలు చొక్కాకు చేతులు తుడుచుకుంటూ వేదిక మెట్టు మీద కాలు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్య ముందు వరస కుర్చీలోంచి లేచి మాస్టర్ని పిలిచాడు. చెవిలో ఏదో చెప్పాడు. మాస్టరు తల అడ్డంగా ఊపబోయి, నిలువుగా ఊపాడు. వెంకటప్పయ్య పక్క కుర్చీలో ఉన్న అతని అన్న కొడుకు, సెలవులకు వచ్చిన కాలేజీ కుర్రవాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వేదిక ఎక్కాడు. స్నేహితులు చప్పట్లు కొట్టారు. డోలక్ అతని ఒళ్ళో పెట్టారు.

మాస్టరు గోపాలు భుజం మీద చెయ్యివేసి జనరేటర్ వైపు చూపించాడు. గోపాలు మెట్టు దిగాడు.

పాట ఏదో ద్వాలికి తెలియలేదు. ఆ కుర్రవాడు ఒక పక్కే బాదుతున్నాడు, దరువు ముందు పోతుంటే ప్రమీలారాణి దాన్ని అందుకోవడానికి మాటలు మింగుతున్నది. జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు. పందిరి చివర, పొగ వెనకాల, గోపాలు డీజిల్ డబ్బా పట్టుకుని జనరేటర్ పక్కన నిలబడ్డాడు. ఈసారి అతను ఆడవాళ్ళ వైపు చూడలేదు.

పాట అయిపోయింది. ఊళ్ళోవాళ్ళు చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు. ట్రాక్టరు డ్రైవరు ట్రక్కు కింద గొంగడి పరుచుకుని పడుకున్నాడు, తెల్లారితే గానీ లేవడు. ఆడవాళ్ళు పడుకున్నచోటే ఉన్నారు.

ద్వాలి లేచింది. తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ వేదిక వెనక్కి వెళ్ళింది. ఆర్కెస్ట్రా వాళ్ళు సామాను పెట్టెల్లో పెడుతున్నారు. గోపాలు పరాయి మనిషిలా వైర్లు చుడుతున్నాడు. డోలక్‌ను ఒక ఆకుపచ్చ రేకు పెట్టెలో పెట్టి మూత వేయడం ద్వాలి చూసింది. వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది.

వ్యాను వేదిక వెనక్కి వచ్చింది. ఒక్కొక్క పెట్టే ఎక్కింది. చివరికి అదొక్కటే మిగిలింది.

"ఏమ్మాయ్, కాస్త లేమ్మా," అన్నాడు చెంచురామయ్య. సన్నటి మనిషి, కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు.

"లేవ."

"ఏంటీ?"

"మూడు రోజులు మోసిండు. ఒక పాట ఇస్తనన్నవట."

మాస్టరు గోపాలు వైపు చూశాడు. గోపాలు చెవులు ఎర్రబడ్డాయి. "లే ద్వాలీ. పోనీ."

"నువ్ నోర్ముయ్."

"చూడమ్మా," అన్నాడు మాస్టరు, వేదిక అంచున కూలబడుతూ. కోపం తెచ్చుకునే ఓపిక కూడా అతనికి మిగల్లేదు. "పందిరి ఆయనది. పిలిచింది ఆయన. వాళ్ళబ్బాయి అడిగితే నేను కాదంటానా? కాదంటే వచ్చే ఏడు మమ్మల్ని పిలుస్తాడా? జనం కూడా వెళ్ళిపోయారు. ఇప్పుడు వాయించి ఎవరికి వినిపిస్తాడు?"

"నేనున్న గద."

"అసలు ఆ కుర్రాడికి నువ్వేమవుతావు?"

గోపాలు వైర్లు చుట్టడం ఆపేశాడు. ద్వాలి తన గోళ్ళ చుట్టూ ఉన్న నలుపును చూసుకుంది.

"నేను ఆకు అల్లుత," అన్నది. "గోపాలు మోస్తడు."

వెనకనుంచి ఎవరో చిన్నగా నవ్వారు. ప్రమీలారాణి ఒక స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పి, వాచిన పాదాలు నేలకు ఆనించి, ఆకులో చల్లారిన పులిహోర తింటున్నది. దగ్గరగా చూస్తే నలభై ఏళ్ళు ఉంటాయి. పౌడరు చెమటకు చారలు కట్టింది.

"ఇచ్చెయ్యండి మాస్టారూ," అన్నది. "మాటిచ్చారుగా."

"పాడేదెవరు? నువ్వు పాడతావా ఈ వేళప్పుడు?"

"మైకు లేకుండా అయితే పాడతాను. ఇందాకటి పాట నా నోట్లో ఇంకా చేదుగానే ఉంది. ఇంకోటి పాడుకుంటే తప్ప నిద్ర పట్టదు."

మాస్టరు చేతులెత్తేశాడు. ద్వాలి పెట్టె మీదినుంచి దిగింది. గోపాలు డోలక్ బయటికి తీసి, అరచేతి గుడ్డ విప్పేసి, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఒక చెవి దగ్గరగా పెట్టి తాడు కడియాలు బిగించాడు. వ్యాను డ్రైవరు హెడ్‌లైట్లు ఆపేశాడు. మిగిలింది పందిరి గుంజకు వేలాడుతున్న ఒక్క లాంతరు.

ద్వాలి ఖాళీ పెట్టెను ఆనుకుని, గుంజకు వీపు చేరేసి కూర్చుంది. ప్రమీలారాణి గొంతు సవరించుకుని, చాలా కిందిస్థాయిలో, ఇంట్లో పని చేసుకుంటూ పాడినట్టు ఎత్తుకుంది. జీర లేదు. గోపాలు తల వంచాడు. అతని వేలు తోలు మీద పడింది. మొదటి దెబ్బ ద్వాలి విన్నది.

రెండోది వినలేదు.

*

"లెవ్వే, ఇక్కడొచ్చి పన్నవేంది?" మంగ్లి భుజం పట్టి కుదుపుతున్నది. తెల్లారింది. ట్రాక్టరు ఇంజను కొట్టుకుంటున్నది. వ్యాను లేదు, పెట్టె లేదు. గోపాలు పందిరికి అవతల స్తంభం ఎక్కి కమిటీ వాళ్ళ మైకు హారన్లు విప్పుతున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ద్వాలి ట్రక్కులో ముడుచుకుని కూర్చుని, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

ట్రాక్టరు తిన్నగా షెడ్డు దగ్గర ఆగింది. పచ్చాకు అప్పటికే బండ్ల మీద వచ్చి ఉంది.

ఆ రోజంతా ద్వాలి తనను తాను తిట్టుకుంది. చింతకాయ ఇంకొకటి తెచ్చుకోవాల్సింది. నిలబడి ఉండాల్సింది. పక్కన కూర్చున్న భీమక్కను, రాత్రి చివర్న ఏమైనా విన్నావా అని అడిగింది. "నేను మొదలే ఇనలే, చివర్న ఏం వింట," అన్నదామె. ఇంకో ఇద్దరిని అడిగింది. ఎవరూ వినలేదు. పెట్టె మీద అంత మొండిగా కూర్చుని సాధించిన పాట, వినడానికి నేనున్నాను గదా అని చెప్పిన పాట, తమవాళ్ళెవరూ వినకుండా పోయింది.

గోపాలు ఆ రోజు పగలూ రాత్రీ పొయ్యి దగ్గరే ఉన్నాడు. మూడు రాత్రుల నిద్ర ఒక్కసారిగా మీద పడి బొజ్జయ్య కట్టెల కుప్ప పక్కన ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. తెల్లారి లేచి, స్నానం చేసి, టీ పోయించుకున్న గ్లాసుతో నేరుగా షెడ్డులోకి వచ్చి ద్వాలి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. గోపాలు బ్యారన్ గుమ్మంలో కర్రలు అందిస్తున్నాడు. అక్కడికి మాటలు వినబడతాయి.

"బిడ్డా, నువ్ దగ్గరనే కూసున్నవట గద," అన్నాడు బొజ్జయ్య. "వాణ్ణి అడిగితే సరిగ చెప్పడు. వాయించిన అంటడు, గంతే. ఎట్ల వాయించిండు?"

ద్వాలి చేతిలోని ఆకులు అక్కడే ఆగిపోయాయి. మనిషి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కాలి మీద టార్చి పడిన చోట వాచి ఉంది.

"మంచిగ వాయించిండు కాకా."

"మంచిగ అంటే?"

"ఆ పాడేటామె..." ద్వాలి వెతుక్కుంది. "పొద్దుగూకిన కాడినుంచి ఆమె గొంతు బొంగురు పోయింది. గోపాలు వాయించేసరికి సాఫైంది."

బొజ్జయ్య కాసేపు ఆ మాటను లోపలే చూసుకున్నట్టు తల ఊపాడు. టీ తాగడం మరిచిపోయాడు. తర్వాత లేచి, గ్లాసు పట్టుకుని, దూలయ్య దగ్గరికి వెళ్ళాడు. "గోపాలు వాయించేసరికి సాఫైందట," అని అతనికి చెప్పడం వినబడింది.

గోపాలు కర్రల కోసం వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మంగ్లి నీళ్ళు తాగడానికి లేచింది. అంతకన్నా మంచి అదను దొరకదు.

"నేనొకటి చెప్పాలె," అన్నది ద్వాలి.

"చెప్పు."

"కాకతోని అబద్ధం చెప్పిన. నేను ఇనలే. నువ్ మొదలువెట్టంగనే నిద్రవోయిన. ఒక్క దెబ్బ ఇన్న, గంతే." చేతిలోని పురికొస వదిలేసింది. "గంత లొల్లి జేసి, నేనే ఇనలే."

గోపాలు ఒక కర్ర మీద ఇంకో కర్ర పేర్చాడు. ఆకులు నలగకుండా ఆ మొనలు ఈ మొనలు సర్దాడు.

"తెల్సు," అన్నాడు.

"తెల్సా?"

"నీ తల గుంజ మీంచి జారి పెట్టె మీద వడ్డది. ఆమె పాడుకుంటనే నాకు సైగ జేసి చూపించింది."

"మరి లేపకపోయినవ్."

"ఎట్ల లేపుత?" అతను ఐదు కర్రలూ భుజానికి ఎత్తుకున్నాడు. ఒరుసుకుపోయిన అరచేతికి మళ్ళీ గుడ్డ చుట్టి ఉంది. "అందుకే చెయ్యి పూర్తిగ వెయ్యలే. పాట అయిపోయేదాక వేళ్ళ కొసలతోనే వాయించిన. మాస్టరు గట్టిగ, గట్టిగ అని చెయ్యి ఊపుతనే ఉన్నడు. నేను చూడనట్టే ఉన్న."